వైఫై చచ్చిపోయిన ఐప్యాడ్‌ని అమ్మే ముందు: ఒక కేసు

ట్యాబ్ అమ్మే ముందు "అంతా చెరిపేసి ఇవ్వండి" అని మా షాపుకి తెచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. మామూలుగా అది పావుగంట పని. ఈ కేసుకి రెండు రోజులు పట్టింది. అందులో ఒక పూట నేను చేసిన పొరపాటు వల్లే పోయింది. ఆ పొరపాటు ఇంకొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ట్యాబ్ యజమాని డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్. అది 2018లో వచ్చిన ఆరో తరం ఐప్యాడ్. 9.7 అంగుళాల తెర, కింద హోమ్ బటన్, లైట్నింగ్ పోర్టు. సిమ్ పెట్టే వీలు లేని వైఫై మోడల్. కొడుకు అమెరికా నుంచి వచ్చినప్పుడు తెచ్చి, తన ఆపిల్ ఐడీతోనే (ఆపిల్ అకౌంట్‌తోనే) సెటప్ చేసి చేతిలో పెట్టి వెళ్లాడు. మన ఇళ్లలో ఇది మామూలే. అమ్మకి విడిగా ఈమెయిల్ ఎందుకు, నా ఐడీ పెడితే ఫొటోలు నాకూ కనిపిస్తాయి కదా అనుకుంటారు. ఆవిడకి తెలిసింది తెర మీద కొట్టే ఆరంకెల పాస్‌కోడ్ ఒక్కటే. ఆ ట్యాబ్ నిజానికి ఎవరి అకౌంట్‌కి కట్టేసి ఉందో అన్నేళ్లలో ఎప్పుడూ పట్టించుకోవాల్సిన అవసరం రాలేదు.

వర్షాకాలంలో కిటికీ పక్కన పెట్టిన ట్యాబ్ జల్లుకి తడిసింది. ఆరబెట్టాక తెర, కెమెరా, స్పీకర్లు అన్నీ పనిచేశాయి. వైఫై మాత్రం పోయింది. ఎనిమిది నెలలు అలాగే వాడారు. తర్వాత కొడుకు కొత్తది పంపడంతో దీన్ని అమ్మేద్దామనుకున్నారు. కొంటానన్నది పక్క వీధిలో భజన బృందం నడిపే మాస్టారు. పాటల పీడీఎఫ్‌లు పెద్ద అక్షరాల్లో చూసుకోవడానికి, శ్రుతి యాప్ పెట్టుకోవడానికి అన్నారు. వైఫై లేదని తెలిసే 4,500 రూపాయలకి బేరం కుదుర్చుకున్నారు. కార్తీకం మొదలయ్యేలోపు కావాలన్నది ఒక్కటే ఆయన షరతు. అప్పటికి దీపావళి ఇంకా నాలుగు రోజులుంది.

సమస్య ఎక్కడుంది

టీచర్ గారు అడిగింది ఒక్కటే: "నా ఫొటోలు తీసి, దీన్ని కొత్తదానిలా చేసి ఇవ్వు బాబూ." కానీ దాని వెనక రెండు పనులున్నాయి. ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిపేయడం ఒకటి. యాక్టివేషన్ లాక్ తీయడం రెండోది. ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7తో, అంటే 2013లో వచ్చిన తాళం ఇది. 'ఫైండ్ మై' (పోయిన పరికరాన్ని వెతికిపెట్టే ఆపిల్ సదుపాయం) ఆన్‌లో ఉన్న ఐప్యాడ్ ఎవరి ఆపిల్ ఐడీకి చెందిందో ఆపిల్ సర్వర్‌లో రాసి ఉంటుంది. ట్యాబ్‌ని ఎన్నిసార్లు చెరిపినా ఆ రాత చెరగదు. చెరిపాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ట్యాబ్ సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ పాత యజమాని ఐడీ, పాస్‌వర్డ్ కావాలంటుంది.

టీచర్ గారికి ఇలా చెప్పాను: "ఇల్లు అమ్మేటప్పుడు సామాను ఖాళీ చేయడం వేరు, రిజిస్ట్రార్ ఆఫీసులో పేరు మారడం వేరు కదమ్మా. సామాను నేను ఖాళీ చేస్తాను. పేరు మాత్రం మీ అబ్బాయే మార్చాలి." ఆవిడకి వెంటనే అర్థమైంది.

నెట్ ఉన్న ట్యాబ్‌లో ఈ రెండు పనులూ ఒకే బటన్‌తో అయిపోతాయి కాబట్టి అవి వేరువేరని మనకి తట్టదు. వైఫై పోయాక విడిపోతాయి.

ముందుగా చూసుకున్నవి

ట్యాబ్ ముట్టుకునే ముందు అది ఎవరిదో తేల్చుకున్నాను. ఫోన్ అయితే ఐఎంఈఐ నంబర్, అంటే మొబైల్ నెట్‌వర్క్ ఆ పరికరాన్ని గుర్తుపట్టే నంబర్ ఉంటుంది. 2023 మే నుంచి కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో దాన్ని చూసుకోవచ్చు, పోయిన ఫోన్‌ని బ్లాక్ చేయించవచ్చు. వైఫై మోడల్ ఐప్యాడ్‌కి ఐఎంఈఐ ఉండదు, సీరియల్ నంబర్ మాత్రమే ఉంటుంది. దొంగతనం జరిగితే పోలీసులు ఆ దారిన అడ్డుకోలేరు. ఆ ట్యాబ్‌కి ఉన్న కాపలా ఈ యాక్టివేషన్ లాకే. అందుకే లాక్ ఉన్న వైఫై ట్యాబ్ వస్తే నేను ఇంకా గట్టిగా చూస్తాను. టీచర్ గారు పెట్టె కూడా తెచ్చారు. వెనక చెక్కిన సీరియల్ నంబర్, పెట్టె మీద నంబర్ కలిశాయి. కొడుకు దగ్గర కొన్నప్పటి బిల్లు ఈమెయిల్‌లో ఉంది. అది కూడా చూశాకే పని ఒప్పుకున్నాను.

వైఫై సంగతి తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. సెట్టింగ్స్‌లో వైఫై స్విచ్ బూడిద రంగులో ఉంది, నొక్కితే కదలదు. వివరాల పేజీలో వైఫై అడ్రస్ అంకెలు ఉండాల్సిన చోట అంకెలే లేవు. బ్లూటూత్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. రెండూ ఒకే చిప్ మీద నడుస్తాయి. రెండూ పోయాయంటే తప్పు రౌటర్‌ది కాదు, లోపల బోర్డుది. నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఒకసారి రీసెట్ చేసి చూశాను, మార్పు లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే వస్తుందని ఎవరో చెప్పారట, ఆవిడ అడిగారు. వద్దన్నాను. ఒకవేళ వచ్చినా నాలుగు రోజులకి మళ్లీ పోతుంది. ఈలోపు తెర జిగురు ఊడుతుంది, బ్యాటరీ దెబ్బతింటుంది. చిప్ మార్పించాలంటే అమ్మకం ధరలో పెద్ద వాటా దానికే పోతుంది. కాబట్టి లోపాన్ని లోపంగానే చెప్పి అమ్ముదామని నిర్ణయించాం.

ప్రయత్నాలు

మొదట ఫొటోలు. వైఫై పోయిన ఎనిమిది నెలల్లో తీసినవేవీ ఐక్లౌడ్‌కి, అంటే నెట్‌లో ఆపిల్ దాచే చోటికి, చేరి ఉండవు. ఆ ట్యాబ్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. కేబుల్ పెట్టి, పాస్‌కోడ్ కొట్టించి, 'ట్రస్ట్' నొక్కించి అన్నీ కంప్యూటర్‌లోకి దించాను. లెక్క సరిపోయిందో లేదో చూసుకున్నాను.

తర్వాత సెట్టింగ్స్‌లోంచే అంతా చెరిపే మార్గం చూశాను. అది ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్ అడుగుతుంది. పెట్టినా నెట్ లేకుండా సరిచూసుకోలేదు. ఐడీ సైన్ అవుట్ చేద్దామన్నా అదే సంగతి. ల్యాప్‌టాప్‌లో ఐట్యూన్స్ (ఐప్యాడ్‌ని కంప్యూటర్ నుంచి నడిపే ఆపిల్ ప్రోగ్రామ్) తెరిచి 'రీస్టోర్' నొక్కితే, ముందు 'ఫైండ్ మై' ఆపమంది. అది ఆపాలంటే నెట్ కావాలి. ఎటు తిరిగినా అదే గోడ.

ఆ గోడకి మూడు దారులున్నాయి. ఒకటి, ట్యాబ్‌కి వైరు ద్వారా నెట్ ఇవ్వడం. రెండు, రికవరీ మోడ్‌లో (కంప్యూటర్ నుంచి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించే స్థితిలో) కంప్యూటర్‌తో చెరిపి, కొడుకు చేత తన అకౌంట్‌లోంచి ట్యాబ్‌ని తీయించడం. మూడోది షాపుకి వచ్చిన ఒక కుర్రాడు చెప్పిన, తాళాన్ని తప్పించుకునే బైపాస్ సాఫ్ట్‌వేర్. మూడోదాన్ని ఆలోచనలోకే రానివ్వలేదు. బైపాస్ సర్వర్‌లో పేరు మార్చదు, ట్యాబ్ కళ్లకి గంతలు కడుతుంది. మాస్టారు ఎప్పుడైనా రీసెట్ చేస్తే తాళం మళ్లీ పడుతుంది. అసలు యజమాని పిలిస్తే పలికే దూరంలో ఉండగా దొంగదారి ఎందుకు?

వైరు దారి అన్నిటికన్నా నేరుగా వెళ్లేది. కానీ అప్పుడు నా దగ్గర ఉన్నది లైట్నింగ్ నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న అడాప్టర్. దానికి విడిగా కరెంటు ఇచ్చే పోర్టు లేదు. ల్యాన్ డాంగిల్ (నెట్ వైరుని యూఎస్‌బీకి కలిపే ముక్క) తగిలిస్తే ఎక్కువ కరెంటు కావాలంటూ ఐప్యాడ్ తోసేసింది. అందుకని రెండో దారి ఎంచుకున్నాను.

రాత్రి ఎనిమిదికి టీచర్ గారు కొడుక్కి వీడియో కాల్ చేశారు. అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. విషయం వినగానే అతను, "అన్నా, పాస్‌వర్డ్ వాట్సాప్ చేసేస్తా, కోడ్ వస్తే అదీ చెప్తా, మీరే చేసేయండి" అన్నాడు. వద్దన్నాను. ఆ పాస్‌వర్డ్ ఈ ఒక్క ట్యాబ్‌కి తాళంచెవి కాదు. అతని ఫొటోలు, బ్యాకప్‌లు, మెయిల్ అన్నీ దాని వెనకే ఉంటాయి. అది నా ఫోన్‌లో పడి ఉండటం అతనికీ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. పైగా అవసరమే లేదు. ఐక్లౌడ్ తెరిచి, పరికరాల జాబితాలో ఈ ఐప్యాడ్ పేరు చూసి తొలగిస్తే చాలు. సీరియల్ నంబర్ చదివి వినిపించాను. సరిచూసుకుని తొలగించాడు. "లిస్టులోంచి పోయింది అన్నా."

నేను వెంటనే రికవరీ మోడ్‌లో పెట్టబోతుంటే టీచర్ గారు ఆపారు. "ఉండు బాబూ. మా ఆయన చదివిన పద్యాలు ఇందులోనే రికార్డు చేశాను. అవి కూడా తీశావా?"

తీయలేదు. కేబుల్‌తో ఫొటోలు, వీడియోలు కనిపిస్తాయి కానీ వాయిస్ మెమోలు ఆ ఫోల్డర్‌లో కనిపించవు. నేను వాటి గురించి అడగనే లేదు. ఆవిడ ఆ క్షణంలో నోరు తెరవకపోతే ఆయన గొంతు పోయేది. ట్యాబ్ పక్కన పెట్టేసి రేపు చేద్దామన్నాను.

పొరపాటు

మర్నాడు పొద్దున ఆ చిన్న అడాప్టర్‌కే పెన్‌డ్రైవ్ తగిలించాను. పెన్‌డ్రైవ్‌కి పెద్దగా కరెంటు అక్కర్లేదు కాబట్టి ఐప్యాడ్ ఒప్పుకుంది. మొత్తం 14 రికార్డింగులు. ఒక్కొక్కటీ 'ఫైల్స్'లోంచి పెన్‌డ్రైవ్‌కి పంపి, కంప్యూటర్‌లో తెరిచి వినిపించాను. మొదటిదాంట్లో ఫ్యాన్ చప్పుడు, ఒక చిన్న దగ్గు, "ఆన్ అయిందా?" అన్న ప్రశ్న, ఆ తర్వాత పద్యం. టీచర్ గారు కౌంటర్ మీద చెయ్యి ఆనించి చివరి దాకా విన్నారు. తొమ్మిదో ఫైలు సగంలో ఆగిపోయింది, మళ్లీ కాపీ చేశాను. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి, రెండు కాపీలు ఉన్నాయని నిర్ధారించుకున్నాకే ఆవిడని ఇంటికి పంపాను.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మాస్టారికి శ్రుతి యాప్ కావాలి. యాప్ దించాలంటే ఒక్కసారైనా నెట్ కావాలి. విడిగా కరెంటు తీసుకునే యూఎస్‌బీ హబ్ ఒకటి పాత సామాన్లో ఉందని గుర్తొచ్చింది. హబ్ మధ్యలో పెట్టి ల్యాన్ డాంగిల్ తగిలించాను. సెట్టింగ్స్‌లో 'ఈథర్నెట్' అనే వరస ప్రత్యక్షమైంది. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకుంది. మూడు నిమిషాలు నడిచి, హబ్ అడాప్టర్ వదులుగా ఉండటంతో తెగిపోయింది. దారి ఉందని తెలిసింది కదా, మంచి హబ్ తెస్తే సరిపోతుంది అనుకుని వదిలేశాను. అప్పుడు టైమ్ పదకొండు నలభై.

ఇక చెరిపే పని. హోమ్ బటన్, పవర్ బటన్ కలిపి నొక్కి పట్టుకుని, కంప్యూటర్ బొమ్మ వచ్చాక వదిలాను. ఐట్యూన్స్ సాఫ్ట్‌వేర్ దించుకోవడం మొదలుపెట్టింది. అది కొన్ని జీబీలు ఉంటుంది. దించుకోవడానికి పావుగంట దాటితే ఐప్యాడ్ తనంతట తానే రికవరీ మోడ్‌లోంచి బయటికి వచ్చేస్తుంది. అలాగే వచ్చింది. కంగారు పడకుండా, పూర్తిగా దిగాక మళ్లీ అదే బటన్లు నొక్కితే చాలు. రెండోసారి పని పూర్తయింది. 'హలో' తెర వచ్చింది. భాష, దేశం ఎంచుకున్నాక వైఫై పేజీ ఖాళీగా ఉంది. దాని కింద కంప్యూటర్‌కి కలిపి ముందుకు వెళ్లే మార్గం ఉంటుంది. అది నొక్కి కేబుల్ పెట్టాను.

తాళం పడి ఉంది. కొడుకు ఈమెయిల్‌లో మొదటి అక్షరం, తర్వాత చుక్కలు, కింద పాస్‌వర్డ్ గడి.

మధ్యాహ్నం ఒకటిన్నర. అక్కడ తెల్లవారుజామున మూడు. లేపడానికి మనసు రాలేదు. కూర్చుని కారణాలు రాసుకున్నాను. అతను పొరపాటున వేరే పరికరం తొలగించాడా? సీరియల్ నంబర్ చదివే చేయించాను, కాదు. సర్వర్ ఆలస్యమా? రాత్రి ఎనిమిది నుంచి పదిహేడు గంటలు దాటింది, అదీ నమ్మబుద్ధి కాలేదు. రాత్రికీ ఇప్పటికీ మధ్య ట్యాబ్‌తో నేను ఏం చేశాను? పద్యాలు తీశాను. నెట్ పరీక్షించాను. అక్కడ ఆగాను.

సాయంత్రం ఏడున్నరకి ఫోన్ చేస్తే, నేను అడగకముందే అతనే ఒక మాట అన్నాడు. "అన్నా, రాత్రి ఒంటిగంట ప్రాంతంలో అమ్మ తీసిన ఫొటోలు ఆరు నా ఫోన్‌లోకి వచ్చాయి. పెరట్లో మందార చెట్టు, పక్కింటి పాప. ఇవెప్పటివి?" అక్కడి ఒంటిగంట పది అంటే ఇక్కడి పదకొండు నలభై. ఆ మూడు నిమిషాల్లో ఐప్యాడ్ నెట్‌లోకి వెళ్లి, నెలల తరబడి ఆగిపోయిన ఫొటోల్ని పంపడం మొదలుపెట్టింది. దాంతోపాటే, లోపల అతని ఐడీ, 'ఫైండ్ మై' ఇంకా ఆన్‌లోనే ఉన్నాయి కాబట్టి, మళ్లీ అతని పేరు మీద నమోదైపోయింది. జాబితా తెరిచి చూస్తే ట్యాబ్ తిరిగి వచ్చి కూర్చుంది.

తాళం తన పని తాను సరిగ్గానే చేసింది. ఒకవేళ ఆ ట్యాబ్‌ని ఎవరో ఎత్తుకెళ్లి, ఏదో మాయ చేసి జాబితాలోంచి తీయించినా, నెట్ తగలగానే యజమాని దగ్గరికి తిరిగి వెళ్లేలా కట్టారు. నేను వరస తప్పాను.

పనిచేసిన మార్గం

ఈసారి పరిస్థితి వేరు. ట్యాబ్ లోపల ఖాళీ, ఎవరి ఐడీ లేదు. సర్వర్‌లో మాత్రమే పేరు ఉంది. ఇప్పుడు తొలగిస్తే తిరిగి నమోదు చేయడానికి లోపల ఎవరూ లేరు. అతను మళ్లీ తొలగించాడు. నేను కేబుల్ తీసి, ఐప్యాడ్‌ని ఒకసారి ఆపి, వెలిగించి, మళ్లీ ఐట్యూన్స్‌కి కలిపాను. కొత్త ఐప్యాడ్‌గా మొదలుపెట్టే పేజీ వచ్చింది. తాళం పోయింది.

ఇక్కడ ఇంకొక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మామూలుగా కొనేవాళ్లకి 'హలో' తెరతో ఇవ్వడం పద్ధతి. కానీ వైఫై లేని ట్యాబ్‌ని 'హలో' దగ్గర ఇస్తే, దాన్ని మొదలుపెట్టడానికి మాస్టారికి మళ్లీ కంప్యూటరూ ఐట్యూన్సూ కావాలి. అవి ఆయన ఇంట్లో లేవు. అందుకని ఆయన్నే షాపుకి రమ్మని, ఎదురుగా సెటప్ నడిపి, ఐడీ పేజీ దాటేసి, హోమ్ తెర దాకా తెచ్చాను. సెట్టింగ్స్ పైన ఎవరి పేరూ లేదని, సైన్ ఇన్ చేయమని మాత్రమే అడుగుతోందని ఆయన కళ్లతో ఆయన్నే చూడమన్నాను. ఆ తర్వాతే డబ్బు చేతులు మారింది.

పాటల పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్ నుంచి 'ఫైల్స్'లోకి వచ్చాయి. రెండు రోజుల తర్వాత సరైన హబ్‌తో ఆయన సొంత ఐడీ మీద శ్రుతి యాప్ దించి ఇచ్చాను. ఆ ఐడీతో 'ఫైండ్ మై' ఆన్ అవుతుందని, రేపు ఆయన అమ్మాలన్నా ఇదే కథ అని చెప్పాను. "అప్పుడు మళ్లీ నీ దగ్గరికే వస్తాలే నాయనా" అన్నారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

నెట్ లేని ట్యాబ్ వస్తే ఇప్పుడు నా వరస ఇది: ముందు లోపలిదంతా బయటికి, తర్వాత చెరపడం, ఆ తర్వాతే అకౌంట్‌లోంచి తొలగించడం. ఆ మూడూ పూర్తయ్యేదాకా ట్యాబ్‌కి వైరుతో గాని, మరే దారిలో గాని నెట్ చూపించను. ఒకవేళ వైరుతో నెట్ నిలకడగా వస్తే అసలు ఈ తిప్పలే వద్దు, యజమాని ఐడీని ట్యాబ్‌లోనే సైన్ అవుట్ చేయించి చెరిపేస్తాను. అందుకే కరెంటు పోర్టు ఉన్న అడాప్టర్ కొని సొరుగులో పెట్టుకున్నాను.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌కీ దాదాపు ఇలాంటి కాపలా ఉంది, 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. అక్కడ తేడా ఏమిటంటే, తెర తెరుచుకునే స్థితిలో ఉంటే సెట్టింగ్స్‌లోంచి గూగుల్ అకౌంట్ తీసేసి, అక్కడే రీసెట్ చేయాలి. బటన్లు నొక్కి రికవరీలోంచి చెరిపితే పాత అకౌంట్ అడుగుతూ కూర్చుంటుంది. ఐప్యాడ్‌లో పనికొచ్చిన దారి అక్కడ ఇబ్బంది తెస్తుంది కాబట్టి రెండింటినీ కలపకూడదు.

ఫొటోల గురించి అందరూ అడుగుతారు. నేనిప్పుడు వాయిస్ మెమోలు, నోట్స్, అలారంకి పెట్టుకున్న రికార్డింగులు, చిన్నపిల్లలు గీసిన బొమ్మల యాప్‌లు, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగుతున్నాను. "ఇంకేమైనా ఉందా?" అంటే చాలామంది లేదనే అంటారు. "మీ ఇంట్లో వాళ్ల గొంతు ఏమైనా రికార్డు చేశారా?" అంటే ఆగి ఆలోచిస్తారు.

మాస్టారికి ఇచ్చిన పెట్టె లోపలి మూతకి ఒక కాగితం అంటించాను: వైఫై, బ్లూటూత్ పనిచేయవు. రీసెట్ చేస్తే మొదలుపెట్టడానికి కంప్యూటర్, కేబుల్ కావాలి. కింద తేదీ, నా సంతకం. టీచర్ గారి పద్యాల రెండో కాపీ ఆవిడ అడిగినంతవరకు నా కంప్యూటర్‌లో ఉంచి, కొడుకు దించుకున్నానని చెప్పిన రోజున చెరిపేశాను.